కళింగ రాజధాని చూడాలంటే: ముఖలింగం, శాలిహుండం, శ్రీకూర్మం

పూరీ, కోణార్క యాత్రకు బయలుదేరే మన వాళ్లలో చాలామంది శ్రీకాకుళంలో టిఫిన్ చేసి, జాతీయ రహదారి మీద నేరుగా ఒడిశాలోకి సాగిపోతారు. ఆ రెండు ఆలయాలనూ కట్టించిన తూర్పు గంగుల తొలి రాజధాని కళింగనగరం జలుమూరు మండలంలోని నేటి ముఖలింగమేనని చరిత్రకారులు గుర్తించారు కాబట్టి, వరుస ప్రకారం చూడదలచిన వారు ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

వచ్చే ముందు గంగరాజ్య పటం ఒకటి ఫోనులో దింపుకోవడం మంచిది. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుని ఏలుబడి గంగ నుంచి గోదావరి వరకు విస్తరించింది. రాజధాని వంశధార తీరంలోని ముఖలింగం నుంచి కటకానికి (నేటి ఒడిశాలోని కటక్‌కు) తరలింది. ఇంత కథను పటం గీసి చూపే ఫలకం నేను తిరిగిన చోట ఒక్కటీ కనబడలేదు. ఈస్టిండియా కంపెనీ కాలపు పటాలు తిరగేసేవారు శ్రీకాకుళం కోసం ‘చికాకోల్’ అని వెతకాలి.

ముఖలింగంలో మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలున్నాయి. నా మటుకు ముందుగా సోమేశ్వరాన్ని చూడమంటాను. ముందు మండపమేదీ లేకుండా ఒంటరిగా నిలిచిన శిఖరాలయం కావడంతో శిల్పాలన్నీ ఆరుబయట ఎండ వెలుగులోనే ఉంటాయి. చుట్టూ తాపీగా తిరిగి, కింది అంచు నుంచి శిఖరం దాకా రాతి మలుపులు ఒక్కొక్కటే పైకి ఎలా సాగాయో గమనిస్తే, కోణార్కలో బృహద్రూపం దాల్చిన శైలికి మొలక ఇక్కడే కనిపిస్తుంది. మధుకేశ్వరంలో నిత్యపూజలు జరుగుతాయి. మధ్యాహ్నం తలుపులు మూస్తారు కనుక పొద్దున్నే చేరుకోవాలి. ద్వారబంధాల మీద తీగల అల్లిక చూడాలంటే దర్శనం తొందరలో కుదరదు, ముందు దర్శనం కానిచ్చి మళ్లీ తీరిగ్గా రావాలి. గోడల మీద, స్తంభాల మీద శాసనాలు విస్తారంగా ఉన్నాయి గానీ, వాటిలో ఏముందో చెప్పేవారు లేకపోవడం పెద్ద కొరత.

శాలిహుండం వంశధార దక్షిణపు ఒడ్డున ఉన్న బౌద్ధక్షేత్రం. గిడుగు రామమూర్తి గారు 1919లో దీన్ని వెలుగులోకి తెచ్చారు. గుట్ట మీద ఇటుకల స్తూపాలు, చైత్యాల (బౌద్ధ ప్రార్థనా మందిరాల) పునాదులు ఉన్నాయి. ఇక్కడ దొరికిన తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు, తాంత్రిక బౌద్ధశాఖ అయిన వజ్రయానం ఈ తీరాన వేళ్లూనుకున్న సంగతిని చెబుతాయి. పైన నీడ తక్కువ, కాబట్టి మంచినీళ్లు వెంట ఉండాలి. శిల్పాలున్న గది తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కోండి.

శ్రీకూర్మంలోని కూర్మనాథస్వామి ఆలయంలో స్తంభ శాసనాలూ, ప్రాకార మండపంలోని చిత్రాలూ చూడదగ్గవి. స్వామి పడమటి ముఖంగా ఉండడం వల్ల ధ్వజస్తంభాలు రెండు ఉన్నాయి. పట్నానికి దగ్గర కాబట్టి సాయంత్రం చాలు.

బసకు శ్రీకాకుళమే నయం. ముఖలింగంలో రాత్రి ఉండేందుకు చెప్పుకోదగ్గ వసతి నాకు కనబడలేదు. నేను దిగిన లాడ్జి గది ఆన్‌లైన్ ఫొటోకు ఆమడ దూరంలో ఉంది, వేడినీళ్లకు కిందికి ఫోను చేసి చేసి విసుగొచ్చింది. అద్దె ఇచ్చే ముందు గది చూసుకోవాలి. రైల్లో వచ్చేవారు దిగాల్సిన శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, అక్కడి నుంచి పట్నానికి ఆటోలు దొరుకుతాయి. ముఖలింగానికి బస్సు కోసం కాచుకోవడం కన్నా కారు మాట్లాడుకుంటే శాలిహుండం కూడా కలిసివస్తుంది. వెయిటింగ్ చార్జీ సంగతి మాత్రం ఎక్కక ముందే తేల్చుకోవాలి.

తిరుగు ప్రయాణంలో విజయనగరం కోటకు పూట కేటాయిస్తే సరిపోతుంది. 1713 నాటి ఆ కోటలో ఇప్పుడు కళాశాలలు నడుస్తున్నాయి. బురుజులూ, సింహద్వారమూ చూడవచ్చు. గజపతుల వైభవం అక్కడ స్పష్టంగానే కనిపిస్తుంది గానీ, ముఖలింగం రాళ్లు చూసి వచ్చిన కంటికి అది నిన్నమొన్నటి కట్టడమే అనిపిస్తుంది.