పోస్టర్ మీద ఫొటో చూసి మ్యూజిక్ ఫెస్ట్ టికెట్ కొనకండి: వరంగల్ వాళ్లకు హెచ్చరిక

వరంగల్, హనుమకొండ, కాజీపేటతో పాటు అటు కరీంనగర్, జమ్మికుంట, ఇటు మహబూబాబాద్ దాకా పాటంటే ప్రాణమిచ్చే అన్నలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ మాట చెప్పాలి. ఊరి బయట గ్రౌండులో "హిప్‌హాప్, రాక్ మెగా ఫెస్ట్" అని ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టర్ కనబడితే వెంటనే పైసలు కట్టకండి. ఈమధ్య అలాంటి దానికి మా దోస్తులమంతా టికెట్లు కొని వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి నిర్వాహకుల పేరు ఇక్కడ రాయను. పేరు రాసినా పెద్ద లాభం లేదు, రేపు ఇంకో పేరుతో వస్తారు. వాళ్ల పద్ధతి మాత్రం అదే ఉంటుంది, అది తెలుసుకోండి.

పోస్టర్‌లో దేశమంతా తెలిసిన ఇద్దరు ర్యాపర్ల ఫొటోలు ఇంతింత పెద్దగా పెట్టారు. వెనక ఒక విదేశీ రాక్ బ్యాండ్ బొమ్మ. ఫోన్‌లో చూస్తే ఎవరికీ ఆనని అక్షరాల్లో ఒక మూలకు "ట్రిబ్యూట్ నైట్" అని ఉంది. అంటే వాళ్లెవరూ రారు, వాళ్ల పాటలు ఇంకెవరో వినిపిస్తారు. టికెట్ పేజీలోనేమో ఆ ట్రిబ్యూట్ మాటే లేదు. "లైవ్" అని ఉంది, ఫ్యాన్ పిట్ (స్టేజీకి ఆనుకుని నిలబడే చోటు) అని ఉంది, అర్లీ బర్డ్ ధర, అంటే ముందుగా కొన్నవాళ్లకిచ్చే తగ్గింపు ధర, ఈ రాత్రితో ముగుస్తుందని గడియారం తిరుగుతూ ఉంది. ఆ గడియారం మరునాడు కూడా అలాగే తిరిగింది.

ఆ సాయంత్రం గేటు ఆలస్యంగా తీశారు. మంచినీళ్ల సీసాలు గేటు దగ్గరే లాక్కుని, లోపల ఎమ్మార్పీకి రెట్టింపు ధరకు అమ్మారు. అవన్నీ ఓర్చుకోవచ్చు, అసలు బాధ స్టేజీ మీద. ఒకతను లాప్‌టాప్ తెరిచి ఆ ఇద్దరు ర్యాపర్ల పాటలు వరసగా పెట్టాడు. పక్కన యాంకర్ "చేతులు పైకి" అని అరుస్తూ నిలబడ్డాడు. నేను డీజేలను తక్కువ చేసి మాట్లాడటం లేదు. హిప్‌హాప్ పుట్టిందే డీజే చేతుల్లో. 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే డీజే రికార్డులు తిప్పిన పార్టీ నుంచే దాని చరిత్ర లెక్కిస్తారు. కానీ ఆయన చేసింది ఎదురుగా ఉన్న జనాన్ని చూసి బీట్‌ను సాగదీయడం. ఇక్కడ జరిగింది ఇంట్లో ఉచితంగా వినే ప్లేలిస్టును పెద్ద స్పీకర్లలో వదలడం. ర్యాప్‌ను లైవ్‌గా వినడమంటే, ఊపిరి ఎక్కడ అందుకుంటున్నాడో, మాట ఎక్కడ మారుస్తున్నాడో కళ్ల ముందు చూడటం. అది లేకపోతే ఆ టికెట్‌కు అర్థమే లేదు.

రాక్ సంగతి ఇంకా బాధ. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల బ్యాండ్ ఒకటి వచ్చింది. నిజంగా మంచి పిల్లలు, డ్రమ్మర్ అయితే అదరగొట్టాడు. కానీ వాళ్లకు సౌండ్ చెక్ ఇవ్వలేదు. స్టేజీ మీద పాడేవాళ్ల వైపు తిప్పి పెట్టే మానిటర్ స్పీకర్లు లేవు, దాంతో పాడేవాడికి తన గొంతు తనకే వినబడదు, శ్రుతి తప్పుతుంది. జనం అతన్ని తిట్టారు, తప్పేమో సౌండ్ పెట్టినవాళ్లది. పాట మధ్యలో ఆపించి స్పాన్సర్ చేత మాట్లాడించారు. ఇక మన తెలంగాణ యాసలో ర్యాప్ రాసుకునే కుర్రాళ్లను "మీకు పేరొస్తుంది" అని పిలిచి, చార్జీలు కూడా ఇవ్వకుండా, స్టేజీ ఎక్కించకుండానే పంపేశారు. నా టికెట్ డబ్బుల కన్నా ఇదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

ఇప్పుడు మన దేశంలో ఈ సంగీతానికి మంచి కాలం నడుస్తోంది. మలప్పురంలో పుట్టిన హనుమాన్‌కైండ్ 2025లో అమెరికాలోని కోచెల్లా మ్యూజిక్ ఫెస్ట్ వేదిక మీద కేరళ చెండ మేళంతో ర్యాప్ చేశాడు. ఢిల్లీ బ్యాండ్ బ్లడీవుడ్ హెవీ మెటల్ రాక్‌లో ఢోల్ కలిపి విదేశాలు చుట్టి వస్తోంది. లొల్లాపలూజా అనే అంతర్జాతీయ మ్యూజిక్ ఫెస్ట్ 2023 నుంచి ముంబైలో జరుగుతోంది, 2025లో అమెరికా రాక్ బ్యాండ్ గ్రీన్ డే అక్కడే వాయించింది. మన డప్పు, మన ఒగ్గు డోలు ఇంతకన్నా తక్కువేం కాదు, వాటి మీద గట్టి ర్యాప్ పడితే ఓరుగల్లు గ్రౌండు కూడా అలాగే ఊగుతుందని నా నమ్మకం. మోసగాళ్లకూ ఈ ఆకలి బాగా తెలుసు. ముంబై పోవాలంటే రైలు, లాడ్జి, టికెట్ అన్నీ కలిపి మనలాంటివాళ్లకు నెల జీతం కరిగిపోతుంది కాబట్టి, "మీ ఊళ్లోనే" అనగానే పడిపోతామని లెక్క వేసుకున్నారు. పెద్ద నగరాల్లోనూ ఈ దందా ఉంది. 2024 అక్టోబరులో కోల్డ్‌ప్లే, దిల్జీత్ దోసాంజ్ కచేరీల టికెట్ల బ్లాక్ వ్యాపారం, నకిలీ టికెట్ల మీద ఈడీ పలు చోట్ల సోదాలు చేసింది.

అందుకని కొనే ముందు ముఖ్యంగా ఒకటి చూడండి: ఆ ర్యాపర్ లేదా బ్యాండ్ సొంత పేజీలో వరంగల్ తేదీ ఉందా? వచ్చే ఊరి పేరు కళాకారులు తమ పేజీలో వేసుకోకుండా ఉండరు. అక్కడ లేకపోతే పోస్టర్‌ను నమ్మొద్దు. "ఫీచరింగ్", "ట్రిబ్యూట్", "స్పెషల్ అప్పియరెన్స్" అన్న మాటలు ఎక్కడున్నా పోస్టర్‌ను జూమ్ చేసి చదవండి. స్టేజీ మీద లైవ్ సెట్టా, డీజే సెట్టా అని నిర్వాహకులకు మెసేజ్ పెట్టి, జవాబు దాచుకోండి. జవాబు రాకపోతే అదే మీకు జవాబు.

సమయం కూడా గమనించండి. మా పోస్టర్‌లో "అర్ధరాత్రి 2 దాకా" అని ఉంది, అదీ ఓపెన్ గ్రౌండులో. శబ్ద కాలుష్య నిబంధనలు 2000 ప్రకారం బయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. పండుగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులు మించకుండా సడలింపు ఇచ్చినా అది 12 దాకానే. కాబట్టి 2 దాకా అన్నప్పుడే పర్మిషన్ సంగతి అడగాల్సింది. మీరు మాత్రం అడగండి.

డబ్బు కట్టేటప్పుడు యూపీఐ తెర మీద ఎవరి పేరు వస్తుందో చూడండి. కంపెనీ పేరు కాకుండా ఎవరో వ్యక్తి పేరు వస్తే ఆగిపోండి. 500 రూపాయలు దాటిన కచేరీ టికెట్ మీద 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది. జీఎస్‌టీ పేరుతో వసూలు చేస్తే రసీదు మీద 15 అక్షరాల నంబరు ఉండాలి, తెలంగాణలో రిజిస్టరైతే అది 36తో మొదలవుతుంది. జీఎస్‌టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే ఎవరిదో ఉచితంగానే తెలుస్తుంది. మా రసీదు మీద పన్ను ఉంది, నంబరు లేదు.

ఇప్పటికే డబ్బు పోయినవాళ్లు ఊరికే కూర్చోకండి. టికెట్టే నకిలీ అయితే, అడ్రస్ లేని లింకులో కట్టి ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బును మధ్యలో ఆపించే వీలు అంత ఎక్కువ. కార్డుతో కట్టినవాళ్లు బ్యాంకును చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని, అడగండి. ఫెస్ట్ జరిగింది గానీ చెప్పిందొకటి, చూపించిందొకటి అయితే 1915కి చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటన మీద ఫిర్యాదు చేసే హక్కు మనకుంది. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. "లైనప్ మారవచ్చు" అని వాళ్లు చిన్న అక్షరాల్లో రాసుకున్నంత మాత్రాన మీ హక్కు పోదు, ఎవరైనా అలా భయపెడితే వినకండి.

ఒకే నష్టం జరిగినవాళ్లంతా కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేయొచ్చు. మేం అదే పనిలో ఉన్నాం. ఆ సాయంత్రం ఆ గ్రౌండులో ఉన్నవాళ్లు టికెట్, పేమెంట్ స్క్రీన్‌షాట్, పోస్టర్ ఫొటో, స్టేజీ వీడియో ఏదున్నా డిలీట్ చేయకుండా ఉంచి నాకు మెసేజ్ పెట్టండి. స్టేజీ ఎక్కకుండా వెనక్కి వెళ్లిన ర్యాపర్ తమ్ముళ్లూ, మీకు వాళ్లు పంపిన పిలుపు మెసేజ్‌లు కూడా కావాలి.