పియాఫ్ అమ్మే చోటు, కూర్చోవడం నేర్పే చోటు: పోర్చుగల్‌లో డ్రెస్సాజ్ శిక్షణ

డ్రెస్సాజ్, అంటే చిన్న చిన్న సైగలతో గుర్రాన్ని లయగా నడిపించే స్వారీ విద్య, నేర్చుకోవడానికి పోర్చుగల్ వెళ్దామనుకునేవాళ్లకి ముందే ఒక మాట. రెండో రోజుకల్లా పియాఫ్ చేయిస్తామనే గుర్రాల ఫారానికి అడ్వాన్సు పంపకండి. ఉన్నచోటే ట్రాట్ (చిన్న దౌడు) చేస్తున్నట్టు గుర్రం కాళ్లు ఎత్తి దించే ఆ విద్య ఫొటోల్లో బ్రహ్మాండంగా పడుతుంది. లిస్బన్‌కి గంట దూరంలో మేం దిగిన మొదటి ఫారం వ్యాపారమంతా ఆ ఫొటోల మీదే నడుస్తోంది.

వాళ్ల పద్ధతి ఇదీ. ఏళ్ల తరబడి ఇదే పనిలో ఆరితేరిన లుసితానో (పోర్చుగీసు జాతి) గుర్రం. దాని మీద పోర్చుగీసు జీను, ముందూ వెనకా ఎత్తుగా ఉండి మనిషిని కదలనివ్వదు కాబట్టి కూర్చోవడంలో లోపం బయటపడదు. మాస్టారు పక్కన నేల మీద నిలబడి పొడుగాటి కొరడా కొసతో వెనక కాలిని తాకి, నాలుకతో టక్కుమంటాడు. గుర్రం మొదలెడుతుంది. పైన బియ్యం బస్తా కట్టినా అది అంతే చక్కగా చేస్తుంది. రౌతు నడుము ఏం చేసింది, పిక్క ఎక్కడుంది, పగ్గం ఎప్పుడు వదలాలి, ఇవేవీ చర్చకే రావు.

అంతకన్నా ఒళ్లు మండించింది మొదటి క్లాసులోనే డబుల్ కళ్లెం ఇవ్వడం. అంటే గుర్రం నోట్లో స్నాఫిల్, కర్బ్ అనే రెండు బిట్లు (లోహపు కడ్డీలు), రౌతు చేతుల్లో నాలుగు పగ్గాలు. కూర్చుని ట్రాట్ చేయడం ఇంకా కుదరని మనిషి ఎగిరిపడిన ప్రతిసారీ పగ్గాలు పట్టుకుని వేలాడతాడు. కర్బ్ బిట్టుకున్న పొడవాటి కాడ మీటలా తిరుగుతుంది, గడ్డం కింది గొలుసు బిగుస్తుంది, గుర్రం మూతిని ఛాతీకి అదుముకుని వీపు దించేసుకుంటుంది. మెడ వంగింది కదా అని దాన్నే కలెక్షన్ అంటూ చప్పట్లు కొట్టారు. కలెక్షన్ వెనక కాళ్ల నుంచి రావాలి. కీళ్లు మడిచి, బరువు వెనక్కి తీసుకుని, వీపు పైకెత్తితే మెడ తనంతట తనే వంపు తిరుగుతుంది.

ఇక బిల్లు. గది, భోజనాలు, రోజుకు రెండు క్లాసులు కలిపి రోజుకు 210 యూరోలన్నారు. వెళ్లేరోజు దాని మీద 23 శాతం పన్ను వేసి 258.30 చేశారు. అక్కడ గదికి పన్ను 6 శాతమే కదా అంటే, ప్యాకేజీ అంతటికీ ఒకటే లెక్కన్నారు. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చినందుకు మరో 60. విడి క్లాసులని చెప్పి ఒకేసారి నలుగుర్ని మైదానంలోకి వదిలారు. 45 నిమిషాల్లో మాస్టారి కన్ను ఒక్కొక్కరి మీద పడేది పది నిమిషాలు.

రెండోది అలెంతేజు ప్రాంతంలోని చిన్న ఫారం. గదిలో ఏసీ లేదు, వేణ్నీళ్లు ఒక బాల్చీ పట్టేసరికి చల్లబడతాయి, నెట్ సిగ్నల్ లాయం దగ్గరే దొరుకుతుంది. అయినా మళ్లీ వెళ్తే అక్కడికే. 45 నిమిషాల క్లాసు 55 యూరోలు, గదీ పొద్దుటి టిఫినూ కలిపి 70, మధ్యాహ్న భోజనం 12, రాత్రి భోజనం 15. రెండు క్లాసులతో రోజుకు 207, పన్నుతో సహా.

అక్కడ మొదటి పాఠం లంజ్ తాడు మీదే, అంటే మాస్టారు మధ్యలో నిలబడి పొడుగాటి తాడుతో గుర్రాన్ని తన చుట్టూ తిప్పుతాడు. నాతో వచ్చిన మిత్రుడు పోలో ఆడినవాడు. చిన్నపిల్లల్లా తాడు కట్టి తిప్పడమేంటని మొహం ముడుచుకున్నాడు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్లో కొత్త రౌతులకి నేటికీ ఇదే మొదటి మెట్టని మాస్టారు చెప్పినా అలక తీరలేదు. మర్నాడు తొడలు పట్టేసి మెట్లు దిగలేకపోయాకే మెత్తబడ్డాడు.

పద్ధతి చెప్తాను. గుర్రానికి సైడ్ రెయిన్స్ (బిట్టు నుంచి జీను పక్కలకి బిగించే పట్టీలు) కట్టి, 15 మీటర్ల వలయంలో తిప్పుతారు. రౌతుకి రికాబులుండవు, పగ్గాలుండవు. ఒక చేత్తో జీను ముందంచుని రెండు వేళ్లతో పట్టుకోవచ్చు, రెండో చెయ్యి పక్కకి చాపాలి. చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో ఉండాలి. మొత్తం పాతిక నిమిషాలు, సగం ఎడమకి, సగం కుడికి. భయంతో మోకాళ్లు బిగిస్తే సీటు జీను మీంచి పైకి లేస్తుంది, ఇంకా ఎగురుతాం, ఇంకా బిగిస్తాం. దీనికి విరుగుడుగా తొడని తుంటి దగ్గర్నుంచే ఒక్క క్షణం జీనుకి దూరంగా ఎత్తి వదలమంటారు. కాలు దాని బరువుకి అది కిందికి జారుతుంది. నడుము కొయ్యలా బిగిసినా ఎగరడం ఆగదు. పొత్తికడుపు గుర్రం అడుగుతో పాటు ముందుకి ఊగాలి, భుజాలు మాత్రం నిశ్చలంగా ఉండాలి. ట్రాట్ కుదరకపోతే వెంటనే వాక్‌కి (మామూలు నడకకి) దించి, పది అడుగులయ్యాక మళ్లీ ట్రాట్. అలా తెంపుతూ చేస్తేనే ఒంటికి పడుతుంది.

సీటు కుదిరాకే షోల్డర్ ఇన్, అంటే గుర్రం ముందు భుజాలని గోడ నుంచి లోపలికి తెచ్చి గోడ వెంబడి ఏటవాలుగా నడిపించడం. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో లా గెరినియేర్ అనే స్వారీ గురువు రూపొందించిన ఈ పాఠాన్ని పోర్చుగల్‌లో మరో గురువు నూనో ఒలివైరా (1925–1989) తన పద్ధతికి ఇరుసు చేసుకున్నాడు. అక్కడ ఆయన శిష్యుడికి శిష్యుణ్ణని చెప్పుకోని మాస్టారు అరుదు. ఆ వంశవృక్షం చూసి ఫారం ఎంచుకోకండి.

చేసే తీరు ఇది. మూలలో 10 మీటర్ల చిన్న వలయం తిప్పి, రెండో వలయం మొదలెడుతున్నట్టు ముందుకాళ్లు గోడ వదలగానే, లోపలి పిక్కతో గోడ వెంబడి సాగమనాలి. కోణం సుమారు 30 డిగ్రీలు. లోపలి వెనక కాలూ బయటి ముందు కాలూ ఒకే గీత మీద పడి, మొత్తం మూడు గీతలు కావాలి. మూడు నాలుగు అడుగులు బాగా వస్తే చాలు, తిన్నగా పంపెయ్యాలి. అందరూ చేసే తప్పు లోపలి పగ్గం లాగడం. అలా లాగితే మెడ ఒక్కటే వంగి, బయటి భుజం గోడ వైపు జారిపోతుంది. భుజాన్ని అదుపు చేసేది బయటి పగ్గం. సరిగా వస్తోందా అంటే, లోపలి పగ్గాన్ని రెండడుగుల సేపు వదులు చేసి చూడండి. వంపు నిలిస్తే గుర్రం మన పిక్కకి వంగినట్టు. నిటారైపోతే అంతసేపూ చేత్తో పట్టి వంచినట్టే.

తిండి సంగతి. కాల్దు వెర్ద్ ఆకుకూర సూపే కదా అనుకోకండి, అడుగున పంది సాసేజ్ ముక్క ఉంటుంది. మాంసం తిననివాళ్లు ముందే చెప్పాలి. ఒక రాత్రి అసోర్డ పెట్టారు. నూరిన వెల్లుల్లి, కొత్తిమీర, ఉప్పులో ఆలివ్ నూనె పోసి, మరిగే నీళ్లు వంచి, నిన్నటి రొట్టె ముక్కలు నానేసి, పైన నీళ్లలో ఉడికించిన గుడ్డు. ఆ కొత్తిమీర వాసనకే ప్రాణం లేచొచ్చింది. మిత్రుడు మూడు గిన్నెలు లాగించి పోలో సంగతే మరిచిపోయాడు.

లిస్బన్‌లో ఖాళీ దొరికితే బెలెమ్‌లోని పోర్చుగీసు అశ్వకళా పాఠశాల చూడండి. 1979లో మొదలైన బడి, 1748లో నెలకొల్పిన ఆల్తెర్ అశ్వశాల గుర్రాలు. ప్రదర్శనల హంగామా కన్నా అక్కడి పొద్దుటి సాధనే ఎక్కువ నేర్పుతుంది.

షెంగెన్ వీసాకి 90 యూరోల ఫీజుతో పాటు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. కానీ చాలా పాలసీలు గుర్రపు స్వారీ గాయాలని మినహాయిస్తాయి. స్వారీ కవర్ అవుతుందని కంపెనీ చేత రాయించుకోండి. హెల్మెట్ సొంతది తీసుకెళ్లండి, ఫారం హెల్మెట్లు ఎన్నిసార్లు నేలకి కొట్టుకున్నాయో ఎవరికెరుక. అతుకులు తొడ లోపలికి రాని బ్రీచెస్ (స్వారీ ప్యాంటు) వేసుకోండి, లేకపోతే రెండో రోజుకే చర్మం లేచిపోతుంది.

డబ్బు కట్టేముందు ఇవి అడగండి: మొదటి క్లాసు లంజ్ మీదా? గుర్రాన్ని ఏ కళ్లెంతో ఇస్తారు? మైదానంలో ఒకేసారి ఎందరు? నాకు కేటాయించిన గుర్రం కుంటితే వేరేది ఇస్తారా, డబ్బు తిరిగిస్తారా? బరువు పరిమితి ఎంత? వేసవిలో అలెంతేజు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, అప్పుడైతే క్లాసు పొద్దున ఏడింటికే పెట్టించుకోండి. ఏప్రిల్, మే నెలలు హాయి. నవంబరు 11 అటూ ఇటూ గొలెగా అనే ఊళ్లో అశ్వ సంత జరుగుతుంది. ఆ రోజుల్లో శిక్షణ పెట్టుకోకండి. మాస్టార్లలో చాలామంది సంతలోనే ఉంటారు, పాఠం సహాయకుల చేతికి పోతుంది.