ఇద్దరు హారీతులు: పెషావర్‌లో, అజంతాలో

పిల్లల్ని ఎత్తుకెళ్లి తినే యక్షిణి హారీతి. ఆమె చిన్నకొడుకుని బుద్ధుడు భిక్షాపాత్ర కింద దాచాడట. కడుపుకోత తెలిసొచ్చి, ఆమె పిల్లల్ని కాచే తల్లిగా మారింది.

పాకిస్తాన్‌లోని పెషావర్ మ్యూజియంలో ఉన్న ఆమె విగ్రహం సహ్రీ బహ్లోల్ అనే పాత బౌద్ధ స్థలంలో దొరికింది. కుషాణుల కాలపు గాంధార శిల్పం, బూడిదరంగు షిస్టు రాయి. భర్త పాంచికుడి పక్కన కూర్చుంది, ఒళ్లో బిడ్డ. బట్టల మడతల్లో గ్రీకు పద్ధతి కనిపిస్తుంది. అందంగా ఉంది, కానీ ఆమె పాత కథ ఇందులో లేదు.

అజంతా రెండో గుహలో, 5వ శతాబ్దంలో, ఆ కథనీ చెక్కారు. దంపతుల తలలపైన ఒక మూల కోపంతో బుద్ధుడి మీదికి వస్తున్న హారీతి, ఇంకో మూల ఆయన ముందు మోకరిల్లిన హారీతి. అడుగున చూడండి, ఓ బడి! బెత్తం పట్టిన పంతులు, ముందు బుద్ధిగా కూర్చున్న పిల్లలు, వెనకాల పొట్టేళ్లతో ఆటలో పడ్డవాళ్లు. పదిహేను వందల ఏళ్లయినా క్లాసురూమ్ మారలేదు!

పనితనంలో పెషావర్ విగ్రహం తక్కువేం కాదు. నాకు మాత్రం అజంతా తల్లే దగ్గర. ఆమె ఏం పోగొట్టుకోబోయి తిరిగి దక్కించుకుందో అక్కడ కనిపిస్తుంది.