ఫ్రిట్స్ కోలా: పేరు పాతది, పానీయం కొత్తది

జర్మనీలోని కేఫ్‌లలో, రైల్వే స్టేషన్ దుకాణాల్లో ఇద్దరు యువకుల ముఖాలు నలుపు తెలుపుల్లో ముద్రించిన కోలా సీసా తరచుగా కనిపిస్తుంది. 2003లో హాంబుర్గ్ నగరంలో మీర్కో వీగర్ట్, లోరెంజ్ హాంప్ల్ అనే ఇద్దరు మిత్రులు దీన్ని ప్రారంభించారు. సీసా మీద ఉన్న ముఖాలు వారివే. ఈ పానీయానికి వారు పెట్టిన పేరు ఫ్రిట్స్ కావడం వల్ల, రుచి కంటే ముందు ఆ పేరును గురించి చెప్పవలసి ఉంది.

సుబ్రహ్మణ్యాన్ని మనం సుబ్బు అని పిలిచినట్టే, ఫ్రీడ్రిష్ అనే పేరును జర్మన్లు ముద్దుగా ఫ్రిట్స్ అని కుదించారు. అసలు పేరులో రెండు ప్రాచీన జర్మన్ పదాలున్నాయి: మొదటిది శాంతి, రెండోది పాలకుడు లేదా బలవంతుడు. హైన్రిష్ హైంట్స్ అయినట్టు, కోన్రాడ్ కుంట్స్ అయినట్టు, చివర ‘ట్స్’ చేర్చి పిలవడం ఆ భాషలో పాత అలవాటు.

ఈ ముద్దుపేరుకు రాజయోగం పట్టించినవాడు ఒకనాటి జర్మన్ రాజ్యమైన ప్రష్యాకు రాజు రెండవ ఫ్రీడ్రిష్ (1712–1786). ప్రజలు ఆయనను ‘ముసలి ఫ్రిట్స్’ అన్నారు. 1756లో ఆయన బంగాళాదుంప సాగును ప్రోత్సహిస్తూ ఉత్తర్వు జారీ చేశాడు. అందుకే పోట్స్‌డామ్‌లోని సాన్‌సుసీ ప్రాసాదం దగ్గర ఉన్న ఆయన సమాధి మీద సందర్శకులు ఇప్పటికీ బంగాళాదుంపలు పెట్టి వెళుతుంటారు. తన పెంపుడు కుక్కల పక్కనే తనను పాతిపెట్టాలన్న ఆయన కోరిక చివరికి 1991లో నెరవేరింది. ఇంత ఆలస్యం ఒక రాజు విషయంలో జరగడం కొంత వింతే.

దేశం దాటాక పేరుకు పదును పెరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికులకు ఎదుటి కందకంలోని ప్రతి జర్మన్ సైనికుడూ ఫ్రిట్స్ అయ్యాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో రష్యన్లు కూడా అదే మాట వాడారు. జర్మనీలో మాత్రం అది మాట చివర చేర్చే, చిన్నచూపుతో కూడిన ప్రత్యయంగా మిగిలింది: ఎప్పుడూ సణిగేవాడిని ‘మెకర్‌ఫ్రిట్సె’ అంటారు, బీమా అమ్మేవాడికి కూడా అదే తోక తగిలిస్తారు. రాజుకూ, శత్రువుకూ, పక్కింటి సణుగుడు మనిషికీ ఒకే పేరు సరిపోవడం వల్లనే ఈ వ్యాపారానికి అది పనికొచ్చిందని నా అభిప్రాయం. పేరును ఎంచుకునే ముందు వ్యవస్థాపకులు దారిన పోయేవారిని అడిగి తెలుసుకున్నారన్నది ఆ సంస్థ గురించి బాగా ప్రచారంలో ఉన్న విషయం. ఘనమైన విదేశీ పేరు కాకుండా, ఏ ఊళ్లోనైనా వినబడే పేరునే వారు తీసుకున్నారు.

ఇక పానీయం. నిమ్మ పులుపు స్పష్టంగా తెలుస్తుంది, మామూలు కోలాల జిగట తీపి కొంత తగ్గినట్టు అనిపిస్తుంది. అసలు తేడా కెఫీన్‌లో ఉంది: 100 మిల్లీలీటర్లకు 25 మిల్లీగ్రాములు, అంటే సాధారణ కోలాలో ఉండేదానికి రెండింతల కంటే ఎక్కువ. 330 మిల్లీలీటర్ల సీసా తాగితే 80 మిల్లీగ్రాములు దాటుతుంది. లీటరుకు 150 మిల్లీగ్రాములు దాటిన పానీయాలపై హెచ్చరిక ఉండాలని ఐరోపా నిబంధన చెబుతుంది కాబట్టి, పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇది తగదని సీసా మీదే రాసి ఉంటుంది. ఆ మాటను తేలికగా తీసుకోకూడదు.

బాగా చల్లగా, గాజు సీసాలో, ఐసు లేకుండా తాగితే నిమ్మ రుచి నిలుస్తుంది. రాత్రి చదువుకునే విద్యార్థులకు, దూరం కారు నడిపేవారికి ఇది కాఫీకి మంచి ప్రత్యామ్నాయం. చక్కెర లేని రకం కూడా దొరుకుతుంది కానీ, మొదటిసారి కొనేవారు అసలు రకమే కొనడం మంచిది. ఖాళీ సీసాను దుకాణంలో తిరిగి ఇస్తే డిపాజిట్ సొమ్ము చేతికొస్తుంది.