లాస్ట్ బోనస్సా, సోప్రానోస్ నల్ల తెరా: ఏది మేలు?

'లాస్ట్' (విమానం కూలి ఒక వింత దీవిలో చిక్కుకున్నవాళ్ల కథ, అమెరికన్ టీవీ సీరియల్) మొత్తం చూసేశాం, డిస్కులో బోనస్‌గా ఉన్న ఆ 12 నిమిషాల ముక్క కూడా చూడాలా అని ఈ మధ్య ముగ్గురు అడిగారు. నేను పోయిన నెలే రెండోసారి మొదటి నుంచి చూసి, ఈసారి ఆ ముక్కతో సహా ముగించాను. దాన్ని 'ద సోప్రానోస్' అనే మాఫియా సీరియల్ ముగింపుతో పోలుస్తూ రెండు సీరియళ్ల చివర్లూ చెప్పేస్తున్నాను, చూడనివాళ్లు ఇక్కడే ఆగండి.

2010 మే 23న వచ్చిన 'లాస్ట్' చివరి ఎపిసోడ్ చాలా ప్రశ్నల్ని పక్కనపెట్టి మనుషుల వీడ్కోళ్ల మీద నడిచింది. నాకు నచ్చింది. ఆ ఆగస్టులో డిస్కులతో పాటు 'ద న్యూ మ్యాన్ ఇన్ చార్జ్' అనే ఆ బోనస్ ముక్క వచ్చింది. మొదటి సగం గువామ్‌లో ఒక గోడౌన్. దీవిలో పరిశోధనలు నడిపిన ధర్మా ఇనీషియేటివ్ అనే సంస్థ మూతపడి ఏళ్లయినా ఆ కబురు అందని ఇద్దరు ఉద్యోగులు ఇంకా దీవికి సరుకులు ప్యాక్ చేస్తూనే ఉంటారు. ఒకప్పుడు దీవిలో విలన్, ఇప్పుడు దీవి కొత్త కాపలాదారుకి కుడిభుజమైన బెన్ వచ్చి ఇక పని లేదంటాడు. జవాబులు చెప్పాల్సిందే అని వాళ్లు పట్టుబడితే, సరే, మనిషికో ప్రశ్న అంటాడు. ఆ ఇద్దరూ మనమే అని తెలుస్తూనే ఉంది, అయినా నవ్వొచ్చింది. రెండో సీజన్‌లో ఆకాశం నుంచి ఊడిపడ్డ తిండి సామాన్ల సంగతి అక్కడ తేలిపోతుంది. ఇలాంటివి బోనస్‌లో చెబితే నాకేం అభ్యంతరం లేదు. ఆ మూటలు ఎవరు పంపారో తెలియక ఏ పాత్ర బతుకూ ఆగిపోలేదు.

నా గొడవంతా రెండో సగంతోనే. అది వాల్ట్ కథ. మొదటి సీజన్ చివర తెప్ప మీద నుంచి ఎత్తుకుపోయిన పిల్లాడు. వీడిలో ఏదో ఉందని ఊరించి ఊరించి, చివరి ఎపిసోడ్‌లో పాత్రలన్నీ కలుసుకునే చర్చి సీన్‌లో కూడా చూపించలేదు. బోనస్‌లో బెన్ మానసిక ఆసుపత్రికి వెళ్లి అతన్ని కలుస్తాడు. మా నాన్న చనిపోయాడంటాడు వాల్ట్. అయినా నువ్వు సాయం చేయొచ్చంటాడు బెన్. బయట వ్యాన్‌లో హర్లీ, దీవికి ఆ కొత్త కాపలాదారు. అంతే. తండ్రీకొడుకుల కథకు దక్కింది ఈ కొన్ని నిమిషాలు, అదీ డిస్కు కొన్నవాళ్లకే. టీవీలో ఆరేళ్లు ఓపిగ్గా చూసినవాడు ఏం పాపం చేశాడు?

'ద సోప్రానోస్' 2007 జూన్ 10న దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. హోటల్లో మాఫియా నాయకుడు టోనీ, భార్య కార్మెలా, కొడుకు ఆనియన్ రింగ్స్ తింటుంటారు. కూతురు బయట కారు పార్క్ చేయలేక తంటాలు పడుతుంటుంది. కౌంటర్ దగ్గరి మనిషి లేచి బాత్రూమ్‌కి వెళ్తాడు. తలుపు గంట మోగుతుంది, టోనీ తలెత్తుతాడు, తెర నల్లబడుతుంది. అమెరికాలో కేబుల్ పోయిందనుకున్నవాళ్లు చాలామంది. మనమైతే కరెంటు పోయిందనుకునేవాళ్లం. ఒళ్లు మండే ముగింపే, కాదనను. కానీ అందరికీ దక్కింది అదే నల్ల తెర, ఎవరికీ ఎక్కువ తక్కువల్లేవు. పైగా ఆ హోటల్లో ప్రతి చప్పుడుకీ మనం కూడా తలుపు వైపే చూస్తాం. టోనీ బతుకంతా అంతే కదా. అందుకే నా ఓటు దీనికే.

ఎప్పుడో ఆగిపోయిన 'ట్విన్ పీక్స్' సీరియల్ 2017లో ఏకంగా కొత్త సీజన్‌తోనే వచ్చింది, దాని లెక్క వేరు. 'హౌ ఐ మెట్ యువర్ మదర్' అనే కామెడీ సీరియల్ వాళ్లు డీవీడీలో ఇంకో ముగింపు పెట్టారు. నాకైతే అది చెయ్యి జారిన వంట మీద ఉప్పు చల్లినట్టుంది.

ఇక అడిగినవాళ్లకు: చూడండి, కానీ చివరి ఎపిసోడ్ అయిన రాత్రే వద్దు. 'లాస్ట్' కథానాయకుడు జాక్ కన్ను మూసిన మరుక్షణం గోడౌన్‌లో డబ్బాలు చూడబుద్ధి కాదు.