ప్యానెళ్లు చూసే థర్మల్ కెమెరా: విదేశీ కంపెనీదా, మన బ్రాండా?

రైస్ మిల్లుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో ఎలక్ట్రికల్ పని చేసేవాళ్లు నన్ను తరచుగా అడిగేది ఇదే. వేడిని రంగుల బొమ్మగా చూపించే థర్మల్ కెమెరా కొంటే ఫ్లిర్, ఫ్లూక్ లాంటి విదేశీ కంపెనీది కొనాలా, అందులో సగం ధరకే దొరికే మన దేశపు బ్రాండ్ కొనాలా అని. రెండూ వాడుతున్నాను కాబట్టి సూటిగా చెప్తాను. ప్యానెల్ (కరెంటు స్విచ్చులుండే పెట్టె) తలుపు తీసి లగ్గులు (వైరు కొసన బిగించే లోహపు ముక్కలు), బస్‌బార్ (కరెంటు పంచే లోహపు పట్టీ) జాయింట్లు, ఎంసీసీబీలు (పెద్ద బ్రేకర్లు) చూసుకోవడమే పని అయితే మన బ్రాండ్ చాలు, ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. సబ్‌స్టేషన్ యార్డులో నిలబడి పైనున్న జంపర్ క్లాంపులు (తీగల్ని కలిపి పట్టే బిగింపులు), ఏబీ స్విచ్ (లైను ఆపే ఆరుబయటి స్విచ్) కాంటాక్టులు చూడాలంటే మాత్రం దాంతో కుదరదు.

ఎందుకు కుదరదో లెక్క వేస్తే తెలుస్తుంది. నా మన బ్రాండ్ కెమెరాలో 256×192 పిక్సెళ్లు, లెన్స్ చూపు వెడల్పు 50 డిగ్రీలు. పది మీటర్ల దూరంలో ఒక్కో పిక్సెల్ మీదకి దాదాపు మూడున్నర సెంటీమీటర్ల చోటు వస్తుంది. ఉష్ణోగ్రత నమ్మదగ్గట్టు రావాలంటే వస్తువు మీద కనీసం 3×3 పిక్సెళ్లు పడాలి, అంటే పది సెంటీమీటర్లు. క్లాంపు అంతకన్నా చిన్నదైతే దాని వెనకున్న ఆకాశపు చల్లదనం కూడా రీడింగులో కలిసిపోతుంది, బాగా కాలుతున్న జాయింటు కూడా మామూలుగా ఉన్నట్టు కనిపిస్తుంది, అదీ అసలు ప్రమాదం. ఫ్లిర్ ఈ8 (320×240, 45 డిగ్రీలు) అయినా అదే దూరంలో ఏడున్నర సెంటీమీటర్లు అడుగుతుంది, కాబట్టి విదేశీది అన్నంత మాత్రాన యార్డు పనికి సరిపోతుందని అనుకోవద్దు. లెన్స్ మార్చుకునే ఈ76 లాంటి దానికి 14 డిగ్రీల లెన్స్ వేస్తే రెండున్నర సెంటీమీటర్ల లోపు వస్తువు కూడా పట్టేస్తుంది. ఖరీదు లక్షల్లో ఉంటుంది. సబ్‌స్టేషన్ కాంట్రాక్టులు చేసేవాళ్లకే అది గిట్టుబాటు.

బొమ్మ విషయంలో నాకు ఫ్లిరే నచ్చుతుంది. మామూలు ఫోటోలోని గీతల్ని థర్మల్ బొమ్మ మీద కలిపి చూపిస్తుంది కాబట్టి ఏ ఫేజు లగ్గు వేడెక్కిందో రిపోర్టు చూసిన మిల్లు ఓనరుకి కూడా అర్థమవుతుంది. కానీ కెమెరా కదిపితే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, అమెరికా ఎగుమతి నిబంధనల కారణంగా ఈ తరగతి కెమెరాలు 9 హెర్ట్జ్‌కే (సెకనుకి 9 బొమ్మలు) పరిమితం. నా దగ్గరున్న మన బ్రాండ్‌లో 25 హెర్ట్జ్, వరసగా ప్యానెళ్లు చూసుకుంటూ పోవడానికి హాయిగా ఉంటుంది. మెరిసే రాగి బస్‌బార్ మీద మాత్రం రెండూ తప్పే చెప్తాయి. షట్‌డౌన్‌లో దాని మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, కెమెరాలో ఎమిసివిటీ (ఉపరితలం వేడిని ఎంత బాగా వెలువరిస్తుందో చెప్పే అంకె) 0.95 పెట్టి, ఆ టేపు మీదే రీడింగ్ తీయండి.

ఇక మన బ్రాండ్ అనే మాట దగ్గరికి వద్దాం. మార్కెట్లో ఇండియన్ పేరుతో ఉన్న థర్మల్ కెమెరాల్లో చాలావరకు చైనాలో తయారైనవే. డబ్బా మీద కంట్రీ ఆఫ్ ఆరిజిన్ అని రాసి ఉంటుంది, దిగుమతి సరుకు మీద అది రాయాలని చట్టమే ఉంది, బిల్లు కట్టే ముందు చదవండి. అటు అమెరికా కంపెనీ అయిన ఫ్లిర్ కూడా చేతి కెమెరాల్ని ఎస్టోనియాలో తయారు చేయించింది. అందుకే జెండా చూసి కొనొద్దంటాను, పాడైతే ఎవరు బాగు చేస్తారో చూసి కొనండి. తెలిసిన మిల్లు వాళ్ల విదేశీ కెమెరాలో షట్టర్ ఇరుక్కుపోతే దాన్ని దేశం దాటించి బాగు చేయించడానికి నెలలు పట్టింది, ఆ సీజనంతా వాళ్లకి కెమెరా లేదు. నా మన బ్రాండ్ డీలరు కొరియర్‌లో పంపిన కెమెరాని బాగు చేసి, ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లని గుర్తించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో కాలిబ్రేషన్ (రీడింగ్ సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్ష) చేయించి మరీ పంపాడు. ఇన్సూరెన్స్ వాళ్లు ఆ సర్టిఫికెట్ అడుగుతారు.

నిజంగా మనవాళ్లు చేసే థర్మల్ పరికరాలు లేవా అంటే ఉన్నాయి, అదీ మన మచిలీపట్నంలోనే. 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది, ఇప్పుడు అక్కడ సైన్యానికి నైట్ విజన్, థర్మల్ పరికరాలు తయారవుతాయి. 2025 అక్టోబరులో నిమ్మలూరులో కొత్త ఫ్యాక్టరీ కూడా ప్రారంభమైంది. వాళ్లు ప్యానెళ్లు చూసే మాలాంటి వాళ్ల కోసం కూడా ఒక చేతి కెమెరా చేయాలని గట్టిగా కోరుకుంటున్నాను. లెన్సులకు కావాల్సిన జెర్మేనియం అనే మూలకం ఎగుమతికి 2023లో చైనా లైసెన్సు తప్పనిసరి చేశాక ఆ అవసరం ఇంకా పెరిగింది.

ఏది కొన్నా డెమో మీ చోటే అడగండి. షాపులో టీ కప్పు మీద చూపిస్తే అన్ని కెమెరాలూ అందంగానే ఉంటాయి. మిల్లు నడుస్తున్నప్పుడు, లోడు కనీసం 40 శాతం ఉన్నప్పుడు, మీకు ముందే తెలిసిన లూజ్ కాంటాక్ట్ ఒకటి చూపించి పట్టుకోమనండి. పట్టుకోకపోతే తిరిగి పంపేయండి.