అనంతపురంలో క్యారవాన్‌గా మార్చిన పాత ట్రావెలర్ కొనబోయేవారికి జాగ్రత్త హెచ్చరిక

గాలిమరలకు, సోలార్ ప్లాంట్లకు సర్వీసు చేసే ఉద్యోగం నాది. నెలలో ఇరవై రోజులకు పైగా ఉరవకొండ, వజ్రకరూరు, తాడిపత్రి, ఎన్‌పీ కుంట, గడివేముల మండలంలోని గని అంటూ తిరుగుతూనే ఉంటాను. ప్లాంటు ఉన్న ఊళ్లో లాడ్జీ ఉండదు. లాడ్జీ ఉన్న ఊళ్లో దిగితే పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర రోడ్డు మీదే పోతుంది. పడక, వంట, స్నానం అన్నీ అందులోనే ఉండే బండి ఒకటి ఉంటే అద్దె గది కూడా ఖాళీ చేసేయవచ్చునన్న ఆలోచనతో, గత ఫిబ్రవరిలో అనంతపురం శివార్లలో బెంగళూరు రోడ్డు మీద పాత వాహనాలను మార్చి అమ్మే ఒక వ్యాపారి దగ్గర, క్యారవాన్‌గా మార్చిన టెంపో ట్రావెలర్‌ను 9,20,000 రూపాయలకు కొన్నాను. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు నడుస్తున్నందున ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి బండి కోసం వెతుకుతున్నవారు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారని తెలుసు కాబట్టి, ఆయన చేసిన మోసంతో పాటు నా తెలివితక్కువతనం కూడా దాచకుండా రాస్తున్నాను.

నేను బండి చూసింది ఫిబ్రవరిలో, ఉదయం ఎనిమిదింటికి. అప్పటికే అది తప్పు. ఆ నెలలో, ఆ వేళకు అనంతపురంలో ఏ బండి లోపలైనా చల్లగానే ఉంటుంది. ఏసీ వేసి పది నిమిషాలు కూర్చోబెట్టి, "యాడికి పోయినా కరెంటు కోసం ఎవర్నీ అడుక్కునే పనిలేదు సార్. పైన రెండు ప్యానెళ్లు, కింద రెండు వందల ఏహెచ్ లిథియం బ్యాటరీ. రాత్రంతా ఏసీ వేసుకొని పండుకోండి" అన్నాడు. ఆయన చెప్పిన అంకె నిజమే అనుకున్నా, 12.8 వోల్టులను 200 ఏహెచ్‌తో, అంటే ఆంపియర్ అవర్లతో గుణిస్తే 2,560 వాట్ అవర్లు, అంటే రెండున్నర యూనిట్లు మాత్రమే వస్తాయి. ఒక టన్ను ఏసీ మన ఎండల్లో గంటకు దాదాపు ఒక యూనిట్ తాగుతుంది. రెండున్నర గంటలకు మించి నడవదని కాగితం లేకుండానే తేలే లెక్క ఇది. రోజూ ఇన్వర్టర్ల మధ్యే బతికే నేను ఆ పూట ఆ లెక్క వేసుకోకపోవడం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఏప్రిల్ మొదటి వారంలో ఉరవకొండ దగ్గర బండి ఆపుకొన్న రాత్రి, ఏసీ వేసిన నలభై నిమిషాలకే ఇన్వర్టర్ కీచుమని ఆగిపోయింది. రేకు శరీరం పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కుతూనే ఉంది. గోడలకు వేడి ఆపే ఫోమ్ షీటు వేశామని ఆయన చెప్పాడు కానీ, కిటికీ పక్కన ప్లైవుడ్ ముక్క ఒకటి ఊడదీసి చూస్తే లోపల ఉత్త రేకే ఉంది. మరునాడు బ్యాటరీని విప్పి శనక్కాయల మండీకి తీసుకెళ్లి కాటా మీద పెట్టించాను. పదకొండు కిలోల మూడు వందల గ్రాములు తూగింది. ఈ రకం బ్యాటరీ నిజంగా రెండు వందల ఏహెచ్ అయితే దాదాపు ఇరవై కిలోలు తూగాలి. మూత విప్పితే, పైనున్న ముద్రను గీరేసిన నాలుగు పాత సెల్లులు, మిగిలిన చోటంతా థర్మాకోల్ ముక్కలు కనిపించాయి. గోడల్లో ఏదీ లేదు గానీ, బ్యాటరీలో మాత్రం థర్మాకోల్‌కు కొదవ లేదు.

ఫోన్ చేస్తే ఆయన స్వయంగా వచ్చాడు, కాదనలేను. అన్నీ చూసి, మెకానిక్‌కు చూపించాలంటూ బండి లోపలి భాగాన్ని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకొని, వారంలో కొత్త బ్యాటరీ పంపుతానని చెప్పి వెళ్లాడు. అది రాలేదు. చివరికి నేనే సొంత డబ్బుతో అసలైన బ్యాటరీ కొని బిగించుకున్నాను, దాంతో అసలు ప్రమాదం బయటపడింది. పన్నెండు వోల్టుల మీద వెయ్యి వాట్లు లాగాలంటే ఎనభై ఆంపియర్లకు పైగా ప్రవహిస్తుంది. అందుకు కనీసం ఇరవై అయిదు, మేలుగా ముప్పై అయిదు చదరపు మిల్లీమీటర్ల వైరు ఉండాలి. ఈయన వేసింది పది చదరపు మిల్లీమీటర్లది. బ్యాటరీ పక్కన ఉండాల్సిన ఫ్యూజు అసలే లేదు. పాత బ్యాటరీ ముందుగానే చచ్చేది కాబట్టి వైరు బతికింది. కొత్తది ఆగకుండా కరెంటు ఇచ్చేసరికి వైరు తొడుగు కరిగి, దాన్ని ఆనుకొని ఉన్న ప్లైవుడ్ నల్లగా మాడి, పైనున్న కర్టెన్ అంటుకుంది. ఆ సాయంత్రం నేను బయట కూర్చొని ఉప్మా తింటున్నాను కాబట్టి వాసన వచ్చిన వెంటనే లోపలికి దూకి ఆర్పగలిగాను. వంటగ్యాస్ సిలిండర్ అదే గోడకు రెండడుగుల దూరంలో ఉంది. గ్యాస్ గాలికన్నా బరువైనది, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. అది బయటకు పోవడానికి నేల దగ్గర రంధ్రం ఒక్కటీ పెట్టలేదు.

ఇంతవరకూ జరిగినదంతా సొమ్ము పెట్టి బాగుచేసుకోగల నష్టమే. ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చిన రోజు తెలిసింది మాత్రం అలాంటిది కాదు. ఆయన కాగితాలు తిరగేసి, "ఆర్సీలో ఉన్నది పన్నెండు మంది ప్రయాణికుల మ్యాక్సీ క్యాబ్ సార్, మీరు చూపిస్తున్నది పడకగది" అన్నాడు. క్లెయిమ్ తిరస్కరించారు. వాళ్లను తప్పుపట్టలేను. బండి కర్ణాటక రిజిస్ట్రేషన్, ఎల్లో బోర్డు. "వైట్ బోర్డు చేయించడం నెల రోజుల పని" అని చెప్పి, బండిని పేరు మార్చుకోవడానికి వాడే 29, 30 ఫారాలను మొదటి యజమాని సంతకాలతో ఆ వ్యాపారి నా చేతిలో పెట్టాడు. నేను వాటినే దాదాపు ఆస్తి పత్రాల్లా దాచుకున్నాను. అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ, అంటే నిరభ్యంతర పత్రం రానిదే ఆ ఫారాలకు విలువ లేదు. ఎన్‌ఓసీ రావాలంటే పన్ను బకాయి తీరాలి, ఆర్సీలో ఉన్న ఫైనాన్స్ కంపెనీ పేరు తొలగాలి. రెండూ జరగలేదు. పాలసీ ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంది.

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు బండిని మార్చిన తీరులోనే ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట తేల్చి చెప్పింది. మోటారు క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం విడిగా ఉంది. రిజిస్ట్రేషన్‌లో క్యాంపర్ వ్యాన్ అనే తరగతి కూడా ఉంది. ఆ దారిలో వచ్చిన బండికీ, షెడ్డులో సీట్లు పీకి మంచం బిగించిన బండికీ లోపల కూర్చుంటే తేడా తెలియదు, ఆర్సీ చదివితేనే తెలుస్తుంది. "మన దగ్గర ఎవరూ పట్టుకోరులే సార్" అన్న మాట నమ్మి, అందులోనే కాపురం పెట్టాలనుకున్నవాడిని నేను.

కాబట్టి ఎవరైనా ఇలాంటి బండి చూడటానికి వెళ్తే, లోపలికి ఎక్కకముందే నంబరును ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి, వాహన తరగతి, సీట్ల సంఖ్య, ఫైనాన్స్, ఫిట్‌నెస్ గడువు చూసుకోండి. మ్యాక్సీ క్యాబ్ అని ఉంటే బేరం అక్కడితో ఆపేయడమే నా సలహా. అడ్వాన్సు ఇవ్వకముందు బండిని మధ్యాహ్నం రెండింటికి, ఎండలో నిలబెట్టించి చూడండి. బ్యాటరీని ఊడదీయించి తూకం వేయించండి. బండిని కూడా వేబ్రిడ్జి ఎక్కించి, ఆర్సీలోని మొత్తం బరువుతో పోల్చండి. ఒప్పుకోకపోతే వచ్చిన దారినే తిరిగి వెళ్లండి. రసీదులో బ్యాటరీ సామర్థ్యం, ప్యానెళ్ల వాట్లు, గోడల్లో ఏం వేశారో అన్నీ రాయించుకోండి. నా రసీదులో "పాత వాహనం, ఉన్నది ఉన్నట్టుగా" అని తప్ప ఇంకేమీ లేదు, ఇప్పుడు కమిషన్ ముందు ఆ ఒక్క వాక్యమే ఆయనకు అండ.

ఫిర్యాదు చేయడం అనుకున్నంత కష్టం కాలేదు. కొన్నది ఎక్కడైనా మనం నివసించే జిల్లాలోనే వేయవచ్చు. అయిదు లక్షల వరకు రుసుము లేదు, నాకు రెండు వందల రూపాయలు పడింది. నష్టం జరిగిన రెండేళ్లలోపు వేయాలి. బండి ప్రస్తుతం మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఉంది, నేను మళ్లీ లాడ్జీల్లోనే దిగుతున్నాను.

గత వారం అదే వ్యాపారి కొత్త ప్రకటన ఒకటి ఫోన్‌లో కనిపించింది. "రెండు వందల ఏహెచ్ లిథియం, రాత్రంతా ఏసీ" అని రాసి, లోపలి ఫొటోలు నాలుగు పెట్టాడు. మూడో ఫొటోలో పొయ్యి పక్కన కనిపించే సొట్టపడిన ఇత్తడి చెంబు మా అమ్మ నాకిచ్చింది.